రామూర్తి నల్లడబ్బా

కాశీబుగ్గ పాత బస్టాండు ఎదుట మెకానిక్కు రామూర్తి గెలిచిన తగాదాలు చాలానే ఉన్నాయి. వాటిలో సగం అతను తనంతట తాను చెప్పుకున్నవి, అంచేత వాటిని వదిలేయాలి. పక్కనే టీకొట్టు నడిపే ఎర్రమ్మ, గట్టు మీద నిలబడి, చేతిలో గరిట పట్టుకుని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా కళ్ళారా చూసినది ఒక్కటే. అది టెక్కలి క్రాంతికుమార్‌తో జరిగినది. రెండువేల ఏడు, మే నెల, మంగళవారం, మాడు పగిలే ఎండ.

తగాదాకి కారణం ఒక తెల్ల డీజిలు కారు. దాని యజమాని జలంత్రకోట బాబ్జీ. ఉద్దానం ఊళ్ళ నుంచి కిడ్నీ రోగుల్ని సోమవారం, గురువారం విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకురావడం అతని పని. రోగుల్ని మోసీ మోసీ ఆ కారుకే రోగం పట్టుకుంది. చక్కగా నడుస్తూ నడుస్తూ, ఇంజను బాగా వేడెక్కాక, టక్కున ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజను గిరగిరా తిరుగుతుందే గాని అందుకోదు. అరగంట చల్లారబెడితే మళ్ళీ ఏమీ ఎరగని దానిలా స్టార్టవుతుంది. ముందురోజు నలుగురు రోగులు లోపల ఉండగా హైవే మీద ఆగింది. ఈరోజు కాశీబుగ్గ పొలిమేరలో ఆగింది. బాబ్జీ ఒక ట్రాక్టరువాణ్ణి బతిమాలి, తాడు కట్టించి లాక్కొచ్చి, రామూర్తి షెడ్డు ముందు పడేశాడు. పడేసి, అంతవరకు ఆ బండికి వైద్యం చేస్తున్న క్రాంతికుమార్‌కి ఫోను చేసి నాలుగు తిట్లు తిట్టాడు. ఆ కుర్రవాడు గంటలో టెక్కలి నుంచి మోటారుసైకిలు మీద ఊడిపడ్డాడు.

క్రాంతికుమార్‌కి పాతికేళ్ళుంటాయి. టెక్కలి బాప్టిస్టు చర్చిలో పాటలు పాడించే విలియం కొడుకు. ఎక్కడో పట్నంలో బండ్ల చదువు చదివొచ్చి, టెక్కలిలో అద్దాల తలుపు పెట్టి, కంప్యూటర్ గ్యారేజీ తెరిచి ఏడాదయింది. ఎర్రమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. ఇస్త్రీ చొక్కా. భుజాన కంప్యూటరు సంచి. గోళ్ళయితే పెళ్ళికొడుకు గోళ్ళు. అలాంటి గోళ్ళతో ఇంజనులో చెయ్యి పెట్టేవాణ్ణి మనుషులు ఎలా నమ్ముతారో ఆమెకు అర్థం కాలేదు.

"ఈ బండి నా దగ్గర రిపేర్లో ఉంది మాస్టారూ. నన్ను అడగకుండా బానెట్ ఎందుకు ఎత్తినారు?" అన్నాడు క్రాంతికుమార్.

"బండి నా గుమ్మం ముందు సచ్చి పడున్నాది. శవానికి వాటాలేటి బాబూ?" అన్నాడు రామూర్తి, బానెట్ కిందనుంచి తల బయటికి తీయకుండానే.

టీ తాగుతున్న ఆటోవాళ్ళు గ్లాసులు పట్టుకుని దగ్గరికి జరిగారు. రామూర్తికి అది చాలు. నలుగురు చేరితే అతనికి నోరు ఊరుతుంది.

"నీ కంప్యూటరు ఏటి సెప్పినాది?"

"క్యామ్ సెన్సార్ అని చెప్పింది. కోడ్ వచ్చింది. కావాలంటే చూపిస్తాను."

"నాకెందుకులే. నువ్వేటి సేసినావు?"

"సెన్సార్ మార్చినాను."

"మారిస్తే?"

"పది రోజులు బాగానే నడిచింది."

"పదకొండో రోజు?"

"మళ్ళీ అదే కోడ్ వచ్చింది."

"అప్పుడేటి సేసినావు?"

క్రాంతికుమార్ సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. బాబ్జీ ఊరుకోలేదు. "మళ్ళీ మార్సినాడు మావా!" అన్నాడు.

రామూర్తి అప్పుడు తల బయటికి తీశాడు. చేతులు తుడుచుకున్నాడు. జనం వైపు తిరిగాడు. "ఇంట్లో గుంట ఏడిత్తే ఎందుకేడుత్తన్నాదో సూత్తావా, గుంటనే మార్సేత్తావా?"

ఆటోవాళ్ళ నవ్వుకి బస్టాండులో కాకులు లేచాయి. ఎర్రమ్మ మాత్రం వెనకబడుతుందా? గరిట ఎత్తి, రోడ్డుకు అవతల ఉన్నవాళ్ళకి కూడా వినబడేలా అరిచింది. "మార్సేత్తాడు, ఎందుకు మార్సడు! డూప్లికేటు గుంటని తెచ్చి ఉయ్యాల్లో ఎట్టెత్తాడు!"

ఆ మాటతో క్రాంతికుమార్ చెవులు ఎర్రబడ్డాయి. "నేను డూప్లికేట్ సామాను వెయ్యను," అన్నాడు. ఎవరూ వినలేదు. అప్పుడతనికి నిజంగా కోపం వచ్చింది. "లోపం సెన్సార్ దగ్గరే ఉంది. వేరే ఎక్కడైనా ఉందని ఆదివారం నాలుగు గంటల్లోగా చూపించండి. టెక్కల్లో నా బోర్డు నేనే దింపేస్తాను. మీరు దింపుతారా?"

"సెన్సారే పోయినాదని తేలితే నా బోర్డు నాను దింపేత్తాను. దింపి, ఈవిడ కొట్టులో గ్లాసులు కడుగుతాను."

"నాకొద్దు. గ్లాసులకి గ్రీజు అంటుతాది," అంది ఎర్రమ్మ.

మళ్ళీ నవ్వులు. క్రాంతికుమార్ మోటారుసైకిలు స్టార్టు చేసుకుని, వచ్చినదానికంటే నెమ్మదిగా వెళ్ళిపోయాడు. తగాదా అలా గెలిచాడు రామూర్తి. బండి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ బోర్డు సంగతి చెప్పాలి. 'రామూర్తి డీజిల్ వర్క్స్' అని పసుప్పచ్చ రేకు మీద ఎర్రరంగు అక్షరాలు. పైన స్టీరింగు బొమ్మ. సినిమా బోర్డులు రాసే అతనొకడు మోపెడ్ బాగుచేయించుకుని, బదులుగా రాసిపెట్టాడు. ఆ స్టీరింగు ఎర్రమ్మ కంటికి ఆంజనేయుడి మెళ్ళోంచి తీసిన వడలా ఉంటుంది. ఆ మాట ఇరవయ్యేళ్ళుగా చెబుతూనే ఉంది. రామూర్తి మాత్రం రోజూ షెడ్డు తెరవగానే గుడ్డ పెట్టి బోర్డు తుడుస్తాడు. కట్టుకున్న భార్యని ఒకసారైనా అంత ప్రేమగా చూశాడో లేదో ఆవిడే చెప్పాలి.

మందస దగ్గర పల్లెలో పుట్టాడు. బడి అచ్చిరాక లారీ ఎక్కి, బరంపురంలో ఒక ఒడియా మేస్త్రి దగ్గర పదేళ్ళు తిట్లు తిని పని నేర్చాడు. ఇప్పటికీ బోల్టు రాకపోతే అతని నోట ఒడియా తిట్టే వస్తుంది. ఎనభై ఆరులో కాశీబుగ్గ వచ్చి రేకుల షెడ్డు వేశాడు. పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకి, రెండో కొస చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు నిజమయ్యేది. మిగతా రెండుసార్లూ బండి నడిపినవాడిదే తప్పని తేల్చేవాడు.

అతనికి అసలు పేరు తెచ్చింది నల్లడబ్బా. తొంభై తొమ్మిది తుఫాను తర్వాత ఉప్పుగాలికి ఉద్దానం బండ్లన్నీ తుప్పు పట్టిపోయాయి. బోల్టు విప్పబోతే పొడిపొడిగా రాలేది. బారువ తీరంలో పడవలకి జీడినూనె పూస్తారు కదా, చెక్కకి పురుగు పట్టదు, నీరు పట్టదు, మేకులు కూడా నిలుస్తాయి. అది చూశాడు రామూర్తి. పడవకి పనికొచ్చింది బండికి ఎందుకు పనికిరాదనుకుని, జీడితొక్కల నుంచి తీసిన ఆ నల్ల నూనె తెచ్చి, కుంచెతో బండ్ల అడుగున పూశాడు. నిజంగానే తుప్పు ఆగింది. ఇంకేం, ప్రపంచంలో ఎవరికీ తెలియని మందు తానే కనిపెట్టినట్టు తిరిగాడు. వానాకాలం ముందు సోంపేట నుంచి, మందస నుంచి, బారువ నుంచి బండ్లు వచ్చి షెడ్డు ముందు బారులు తీరేవి. కుంచె ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. కదలకుండా ఉన్న ప్రతిదానికీ పూసేవాడు. బానెట్ బిజాగరీలకి, బ్యాటరీ పట్టీలకి, ఒకసారి ఎర్రమ్మ కొట్టు బల్ల కాళ్ళకి కూడా. ఆ బల్ల మీద కూర్చున్న వాళ్ళకి వారం రోజులు పిక్కలు పొక్కులెక్కాయి.

ఆ నూనె అతనికి తెచ్చిపెట్టేది ఎర్రమ్మే. ముప్పై రెండేళ్ళు పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టిన మనిషి ఆమె. చేతులు చూస్తే తెలుస్తుంది, వేళ్ళ సందుల్లో నలుపు చచ్చేదాకా పోదు. ఫ్యాక్టరీ మానేసి టీకొట్టు పెట్టినా, పాత పరిచయాలతో నూనె డబ్బా నెత్తిన పెట్టుకుని తీసుకొచ్చి ఇచ్చేది. రెండో తరగతిలో బడి మానేసినా బస్సు బోర్డులు చదవగలదు, మనుషుల్ని అంతకంటే బాగా చదవగలదు. అలాగని ఆమె తానే చెప్పుకుంటుంది.

ఆ మంగళవారం తగాదా తర్వాత ఎర్రమ్మ నోటికి పండగ వచ్చింది. సాయంత్రానికి బస్టాండు కొబ్బరికాయల కొట్టులో చెప్పింది. బుధవారం టెక్కలి బస్సు కండక్టరుకి చెప్పింది. గురువారం ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు దిగే ఆడవాళ్ళని ఆపి, క్రాంతికుమార్ గోళ్ళ నుంచి మొదలుపెట్టి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ డూప్లికేటు మాట కొంచెం లావెక్కింది. మొదట అది వెటకారం. తర్వాత అనుమానం. శుక్రవారం నాటికి ఆ గుంటడు మంచి సామాను అట్టపెట్టెలో నకిలీది పెట్టి అమ్ముతాడని, తాను కళ్ళతో చూసినట్టే చెప్పింది. తమాషా ఏమిటంటే, చివరికి ఆమె కూడా నమ్మింది.

రామూర్తి పని మాత్రం అంత జోరుగా సాగలేదు. బుర్రలేని బండ్లకి అలవాటు పడ్డ మనిషి. కంప్యూటరు బుర్రున్న బండ్లు రావడం మొదలయ్యాక, రేడియోలు బాగుచేసే అతని దగ్గర కరెంటు మీటరు పట్టడం నేర్చుకుని, పుట్టుకతోనే వచ్చినట్టు మాట్లాడేవాడు. బుధవారం ఎర్రమ్మ టీ తెచ్చేసరికి మూడు సెన్సార్లు గుడ్డ మీద వరసగా పెట్టి కూర్చున్నాడు. ఒకటి బండితో పుట్టినది, రెండు క్రాంతికుమార్ వేసినవి.

"ఏట్రా ఇది? బొటనేలంత నేదు. దీనికోసమా ఇంత రాద్ధాంతం?"

"అత్తా, ఇంజన్లో క్యామ్ అని ఒక కడ్డీ తిరుగుతాది. వాల్వులు తెరిసీదీ మూసీదీ అదే. అది ఎక్కడి దాకా తిరిగినాదో సూసి బండి కంప్యూటరుకి కబురెట్టీది ఇది. కబురు రాకపోతే ఏ సిలిండరుకి డీజిలు పొయ్యాలో దానికి తెలీదు. అలిగి కూకుంటాది."

"ముగ్గురు కబురుగాళ్ళున్నా కబురు రాటం నేదంటావు."

"ఈళ్ళు ముగ్గురూ మంచోళ్ళే. అదే సిత్రం." సెన్సార్‌కి బ్యాటరీ కరెంటు ఇచ్చి, దాని ముఖం ముందు పానా అటూ ఇటూ ఆడించాడు. మీటరులో అంకె సున్నాకి పడింది, అయిదుకి లేచింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

ఎర్రమ్మకి సంతోషం పట్టలేదు. "అయితే గుంటడు బోర్డు దింపాల్సిందే!"

"ఇదేటి పంచాయతీ ఓటా అత్తా, సెయ్యెత్తి గెలవడానికి? ఎక్కడ పోయినాదో సూపించాల కదా," అన్నాడు రామూర్తి.

గురువారం మిట్టమధ్యాహ్నం మీటరు తీగలు తగిలించుకుని, బాబ్జీని నడపమని, మందస రోడ్డున వెళ్ళాడు. హరిపురం దాటాక బండి ఆగిపోయింది. సెన్సార్‌కి వచ్చే వైర్లు మూడు. కరెంటు తెచ్చేది, ఎర్తుది, కబురు మోసేది. వాటిని సెన్సార్‌కి తగిలించే క్లిప్పు వెనకనుంచి సూది గుచ్చి చూస్తే కరెంటు వస్తూనే ఉంది, ఎర్తూ బాగానే ఉంది, కబురు మాత్రం లేదు. శుక్ర, శనివారాలు ఒక్కొక్క వైరునీ కంప్యూటరు దాకా తడుముకుంటూ, ఊపుతూ, లాగుతూ పరీక్షించాడు. ఎక్కడా తెగలేదు. ఇక మిగిలింది క్లిప్పు ఒక్కటే. ఎవరైనా మొట్టమొదట విప్పి చూసేది అదే. బుధవారం ఊడదీసి మళ్ళీ తగిలించినా, అయిదు రోజులు అతను దాని లోపలికి చూడలేదు. ఎందుకు చూడలేదో ఎర్రమ్మకి అప్పుడు తట్టలేదు.

శనివారం సాయంత్రం కండక్టరు బస్సు దిగి టీ తాగుతూ టెక్కలి కబురు మోసుకొచ్చాడు. క్రాంతికుమార్ గ్యారేజీలో ఉన్న రెండు బండ్లని వాటి సొంతదారులు తోసుకుపోయారట. జీపులవాళ్ళు అటు వెళ్ళడం మానేశారట. అద్దాల తలుపు మీద ఎవరో సున్నంతో 'డూప్లికేట్' అని రాసి పోయారట. విలియం బక్కెట్టు, గుడ్డ పట్టుకుని కడుగుతుంటే కండక్టరే చూశాడు.

"బాగా అయినాది," అంది ఎర్రమ్మ. కండక్టరుకి బిస్కెట్టు ఊరికే ఇచ్చింది. రామూర్తి తన టీ సగం వదిలేసి లేచిపోయాడు. టీ పారబోస్తే ఎర్రమ్మకి మండుతుంది. అందుకు రెండు మాటలు అంది కూడా.

ఆదివారం పన్నెండు దాటింది. షెడ్డులోంచి చప్పుడు లేదు. పని చేస్తున్నంతసేపు తనతో తానే వాదించుకునే మనిషి రామూర్తి. అతను నోరు మూసుకున్నాడంటే చెయ్యైనా తెగి ఉండాలి, తప్పైనా దొరికి ఉండాలి. ఎర్రమ్మ గ్లాసు పట్టుకుని వెళ్ళింది. అతను బండి పక్కన పీట మీద కూర్చుని, సెన్సార్ నుంచి లాగేసిన క్లిప్పుని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. క్లిప్పు లోపల మూడు చిన్న కన్నాలు నల్లగా, తడిగా మెరుస్తున్నాయి.

"ఏటది?"

"గ్రీజు."

"గ్రీజు నాకు తెలీదేటి? ఇలగియ్యి."

అతను ఇవ్వలేదు. ఆమె లాక్కుంది. వేలు పెట్టి తీసి రెండు వేళ్ళ మధ్య నలిపింది. తీగలా సాగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ముప్పై రెండేళ్ళు ఆ మంటని పీల్చిన ముక్కుకి రెండోసారి అక్కర్లేదు.

"ఓలమ్మ! జీడినూనె! ఆ బాబ్జీగాడి పనే. పడవకి పూసినట్టు కారుకి పూసీసినాడు. సముద్రం పక్కన పుట్టినోడికి కారెందుకు, తెప్ప కొనుక్కోమనాల. ఏడీ, ఎక్కడున్నాడు ఆ గుంటడు..."

"బాబ్జీ కాదత్తా."

"మరెవుడు?"

రామూర్తి చూపు షెడ్డు మూల చెక్క మీదికి పోయింది. ఎర్రమ్మ చూపూ వెంట పోయింది. అక్కడ నల్లడబ్బా ఉంది, దానిమీద అడ్డంగా కుంచె ఉంది. అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. అంతకుముందు వానల్లో బారువ రోడ్డు మీదికి సముద్రపు నీరు వచ్చింది. బాబ్జీ కొత్త కారు తీసుకుని పరుగున వచ్చాడు. కొత్తబండి కదా, ఎప్పటికీ తుప్పు పట్టకూడదని రామూర్తి ఒక్క బోల్టు వదల్లేదు. ఉప్పుగాలి లోపలికి పోకుండా క్లిప్పులన్నీ ఊడదీసి, కన్నాల్లోకి కూడా కుంచె పోనిచ్చాడు. డబ్బాలో నూనె చాలకపోతే ఎర్రమ్మే ఫ్యాక్టరీకి వెళ్ళి నెత్తిన పెట్టుకుని ఇంకో డబ్బా తెచ్చింది.

"సల్లగున్నప్పుడు లక్కలాగ బిగుసుకుంటాది, ఎక్కడో ఒక సోట తగుల్తాది, బండి నడుత్తాది," అన్నాడు రామూర్తి నెమ్మదిగా. "వేడెక్కితే కరిగి మధ్యలోకి జారతాది. కబురు ఆగిపోతాది. ఆ గుంటడు సెన్సార్ మార్సినప్పుడల్లా దాని కొత్త ముళ్ళు క్లిప్పులో గీసుకుని పది రోజులు బాగా తగిలినాయి. లోపల నల్లగున్నది కంపెనీవోళ్ళు ఎట్టిన గ్రీజు అనుకున్నుంటాడు. టెక్కల్లో ఉన్నోడు, జీడినూనె ఎప్పుడు ముట్టినాడు? కంప్యూటరు అబద్ధం సెప్పనేదు. ఆడూ సెప్పనేదు. రోగం సెన్సార్ దగ్గరే ఉన్నాది. ఎట్టినోణ్ణి నాను."

"ముందే ఎందుకు సూడనేదు మరి?"

"నా సేత్తో మందు రాసిన సోట రోగం ఉంటాదేటి అనుకున్నాను."

ఎర్రమ్మ తలుపు వైపు చూసింది. రోడ్డు మీద ఎవరూ ఇటు చూడటం లేదు. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గడం కాశీబుగ్గలో ఎవరూ ఎరగరు. "అయితే ఏటయినాది? సెన్సార్ మంచిదే కదా. నువ్వు అన్నదీ అదే కదా. గెల్సినావు. తుడిసీ. బేగి తుడిసీ. తుడిసి, తుప్పు పట్టినాదని సెప్పు. ఉప్పుగాలని సెప్పు. ఉప్పుగాలి వచ్చి కాదంటాదేటి? నాలుగింటికి ఆడొత్తాడు, బోర్డు దింపుకుంటాడు, పోతాడు. కుర్రోడు, ఇంకో ఊళ్ళో ఎట్టుకుంటాడు. నీకు యాభై ఏళ్ళొచ్చినాయి, నువ్వెక్కడికి పోతావు?"

రామూర్తి థిన్నరు సీసా తీశాడు. పాత పళ్ళ బ్రష్షుతో కన్నాలు ఒక్కొక్కటే కడిగాడు. సన్నటి సూదితో లోపలి రేకుల్ని కొంచెం దగ్గరికి నొక్కాడు, బిగువుగా పట్టేటట్టు. అంతా ఆరాక క్లిప్పు తగిలించి బాబ్జీని పిలిచాడు. ఏసీ వేసుకుని మందస దాకా ఆపకుండా వెళ్ళి రమ్మన్నాడు. ఎర్రమ్మకి తన మాట విన్నాడనే అనిపించింది. నోరు ఎంత పెద్దదైనా అవసరం వస్తే మూసుకోగలడని, కొంచెం మెచ్చుకుంది కూడా.

బాబ్జీ గంటన్నరలో తిరిగొచ్చాడు. బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. దిగుతూనే రామూర్తి చేతులు పట్టుకుని, "మావా, నువ్వు దేముడివి!" అన్నాడు.

"దేముడు కాదురా, దెయ్యం. నీ బండి ఆపింది నానే." ఎర్రమ్మ ఎంత దగ్గినా, కళ్ళు ఎంత పెద్దవి చేసినా రామూర్తి ఆగలేదు. క్లిప్పుల్లో నూనె సంగతి మొత్తం చెప్పేశాడు.

బాబ్జీ భుజాలు ఎగరేశాడు. "పోన్లే మావా, నడుత్తన్నాది కదా. రేపు సోమవారం, నలుగురున్నారు నాకు." అని తాళం తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. ఎర్రమ్మకి ఒళ్ళు మండింది. అయిదు రోజులు ఊరంతా ఊగిపోయిన తగాదా ఈ గుంటడికి ఇంతేనా? అనవసరంగా ఇలాంటివాడికి టీ పోసింది.

మూడున్నర అయింది. రామూర్తి షెడ్డు బయట స్టూలు వేసుకుని ఎక్కాడు. జేబులోంచి పానా తీశాడు. ఎడమవైపు బోల్టు మొదట వదిలింది. దానికి తుప్పు లేదు. దానికి కూడా నూనె పూసింది అతనే.

"ఒరే, నీకు మతిపోనాదేటి? దిగు! దిగరా! సెన్సార్ పోయినాదని తేలితే దింపుతానన్నావు. పోనేదు కదా!"

"అత్తా, కాసేపు ఊరుకో. ఇది పట్టు."

పట్టుకోకపోతే నెత్తిన పడేలా ఉంది, అంచేత పట్టుకుంది. వడలాంటి స్టీరింగు ఆమె మొహానికి ఎదురుగా వచ్చింది. ఇంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. రోజూ తుడవడం వల్ల రంగు ఇంకా మెరుస్తోంది. అతను స్టూలు దిగి, బోర్డు ఆమె చేతుల్లోంచి తీసుకుని, గోడకి తిప్పి పెట్టాడు. తర్వాత మూల చెక్క మీది నల్లడబ్బా తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"బోర్డు సంగతి నాను సూసుకుంటాను. వత్తాడు కదా, ఆడి ముందు నిలబడి సెప్తాను. ఇన్నేళ్ళుగా క్లిప్పుల్లో ఎవుళ్ళెవుళ్ళ బండ్లకి పూసినానో, అయన్నీ పిలిసి కడిగీసి అప్పుడు ఎట్టుకుంటాను, ఎట్టుకుంటే. ఆడు నన్ను నాలుగు తిట్టినా తింటాను. కానీ అత్తా, నాను ఆణ్ణి డూప్లికేటు అన్ననేదు."

ఎర్రమ్మకి ఎప్పుడూ తడుముకోవలసిన పని లేదు. ఆ ఒక్కసారి తడుముకుంది. "నవ్వులాటకి అన్నాను."

"నవ్వులాటే. ఆల నాన్న బక్కెట్టు పట్టుకుని తలుపు కడిగినాడు." రామూర్తి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. గొంతులో కోపం లేదు, అదే ఆమెకు మింగుడు పడలేదు. "రేపు కొట్టు మూసీ. మొదటి బస్సుకి టెక్కలి ఎల్లు. ఈ డబ్బా సేత్తో పట్టుకెల్లి, ఆడికీ ఆల నాన్నకీ సూపించి, ఈ నూనె తెచ్చింది నాను, పూసింది రామూర్తి అని సెప్పు. తిరిగొచ్చినప్పుడు కండక్టరుకి సెప్పు. కొబ్బరికాయల కొట్టులో సెప్పు. ఫ్యాక్టరీ గేటు కాడ షిఫ్టు దిగీ దాకా ఆగి, ఆ ఆడోళ్ళనే ఆపి సెప్పు. డూప్లికేటు మాట ఎక్కడెక్కడ సెప్పినావో, అక్కడికల్లా ఎల్లు. ఒక్క సోటు కూడా వదిలీకు."

అవతల రోడ్డు మలుపు దగ్గర మోటారుసైకిలు చప్పుడు వినబడింది. రామూర్తి అటు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగాడు.

"అది సెప్పినప్పుడు కేకేసి సెప్పినావు కదా అత్తా. ఇది కూడా అంత కేకేసి సెప్పు."